మా యింటి తెర

పల్నాడు జిల్లా నరసరావుపేటలో మా నివాసము. మా కుమారుడు పెండ్లిండ్లకు, గృహప్రవేశములకు ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నున్నాడు. అతడు తెచ్చిన చిత్రములను కంప్యూటరులో సరిదిద్ది, పుటలుగా కూర్చి, ఆల్బముగా తయారుచేయు పని మా కోడలు శ్రీలతది. పందిరి సందుల నుండి ఎండ పడి పెండ్లికూతురి చెంప తెల్లబారిన దానిని సవరించుట, హోమపు పొగలో మసకబారిన ముఖములకు తేట తెచ్చుట మొదలైన పనులలో ఆమెకు మంచి నేర్పు కలదు. చిత్రము తీయుటకంటె దిద్దుటయే కష్టమని మా కుమారుడే యొప్పుకొనును.

2022వ సంవత్సరము కార్తికమాసమున ఆమె పదేండ్లుగా వాడుచున్న మానిటరు చెడిపోయెను. మానిటరనగా కంప్యూటరు చేయు పనిని మన కన్నులకు చూపెడు తెర. బాగుచేయువాడు దానిని విప్పి చూచి, దీనికి పెట్టు ఖర్చుతో క్రొత్తది సగము వచ్చునని చెప్పి మరల మూసెను. మాఘమాసపు ముహూర్తములు దగ్గరపడుచున్నవి. పని ఆగుటకు వీలులేదు. కుమారుడు ఊరిలో లేడు. కాబట్టి కొని తెచ్చు భారము నా మీద పడెను. పాఠశాలకు నల్లబల్లలు, బెంచీలు, గోడపటములు ఎన్నో కొన్నవాడను గనుక, ఈ తెర యొక లెక్కయా అనుకొంటిని.

బయలుదేరునప్పుడు కోడలు, "మామయ్యగారూ, రంగులు సరిగా నుండునట్లు చూడుడు" అని మాత్రము చెప్పెను. మనుమడు రఘు అప్పుడు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వాడు నా వెంట గుంటూరు వచ్చెను. దారి పొడవునను బస్సులో వాడు చెప్పిన మాట ఒక్కటే: "తాతగారూ, 165 హెర్ట్‌జ్ ఉండవలెను. 1 మిల్లీసెకను ఉండవలెను. తక్కినవి ఎట్లున్నను ఫరవాలేదు." కోడలి కోరికకు అంకె లేదు. మనుమని కోరికకు రెండు అంకెలు కలవు. అంగడిలో పెట్టె మీద ఆ రెండంకెలును పెద్ద అక్షరములతో అచ్చువేసి యుండెను. అంకె గలవాడే గెలిచెను.

అంగడివారు తెరను వెలిగించి నీలిసముద్రమును, రంగురంగుల చిలుకలను చూపిరి. ఆటకును పనికిని ఇదియే మేలైనదని చెప్పిరి. ఆ చిలుకల యెరుపును పచ్చదనమును చూచి నేను ముగ్ధుడనైతిని. ఏ దేశపు చిలుకలో అవి! వాని అసలు రంగు నేనెన్నడు చూచితిని గనుక? తెర మీది రంగు సరియైనదో కాదో నాకెట్లు తెలియగలదు? ఆ చోటనే మా కోడలి ముఖమును గాని, మా వీధిలోని వేపచెట్టును గాని చూచియుండినచో తెలిసియుండెడిది. ఆ యూహ నాకు రాలేదు. సొమ్ము చెల్లించి తెరను ఇంటికి తెచ్చితిని.

మాఘమాసము వచ్చెను. మొదటి పెండ్లి ఒకప్పుడు నాయొద్ద చదువుకొనిన శిష్యుని కుమార్తెది. తెర మీద ముఖములన్నియు పాలిపోయినట్లు, కొంచెము నీలివన్నె కలిసినట్లు శ్రీలతకు కనబడెను. అందుచేత ఆమె ప్రతి ముఖమునకును కొంచెము ఎరుపు, కొంచెము పసుపు చేర్చెను. పుటలు విజయవాడకు పోయి అచ్చుపడి వచ్చెను. శిష్యుడు ఆల్బము తీసికొనిపోయి, రెండు దినముల తరువాత చంకలో పెట్టుకొని మరల వచ్చెను. కోపపడలేదు. అరుగు మీద కూర్చుండి మెల్లగా, "మాస్టారూ, మా యమ్మాయికి మంగళస్నానము నాడు పూసిన పసుపు ఇంకను కడుగలేదా?" అని అడిగెను. పుటలు తిప్పి చూచితిమి. తాళి కట్టు వేళను, తలంబ్రాల వేళను, అప్పగింతల వేళను పెండ్లికూతురు పసుపు ముద్దవలెనే యుండెను. పెండ్లికొడుకు ముఖము జ్వరము వచ్చినవాని ముఖమువలె కందియుండెను.

మరల అచ్చువేయించి ఇచ్చితిమి. ఆ మాసపు సంపాదనలో మిగులవలసిన దంతయు దానికే పోయెను. ఈ సంగతి చెవిని బడి, మాట యిచ్చిన మరి రెండు కుటుంబములవారు వేరొక చోటికి పోయిరి. ఇవన్నియు ఒక యెత్తు. మా కోడలు తన కన్నులనే శంకించుకొనుట ఒక యెత్తు. ఇన్నేండ్ల తన పనిలో ఇట్టి తప్పు రాలేదు గనుక, చూపే చెడినదేమో యని భయపడి కంటివైద్యుని యొద్దకు పోయి పరీక్ష చేయించుకొనెను. కన్నులలో ఏ దోషమును లేదని వైద్యులు చెప్పి పంపిరి. ఆమె మాత్రము పని ముందు కూర్చుండుటకు జంకుచుండెను.

ఒకనాటి సాయంకాలము ఆమె కుర్చీ వెనుక నిలబడి, "అమ్మాయీ, ఆ పెద్దావిడ కట్టిన బూడిదరంగు చీర బాగున్నది" అని యంటిని. ఆమె వెనుదిరిగి నన్ను చూచి, "బూడిదరంగు కాదు మామయ్యగారూ, అది మంచి వంకాయరంగు" అనెను. నేను వంగి ఆమె తల ప్రక్కన తల పెట్టి చూచితిని. నిజమే, వంకాయరంగు! లేచి నిలబడితిని. బూడిదరంగు! ఇట్లు మూడు నాలుగు మారులు లేచుచు వంగుచు నుండగా ఆమె నవ్వెను. చాలదినములకు ఆ యింట నవ్వు వినబడెను. దోషము ఆమె కన్నులలో లేదని ఆ క్షణముననే మా కిద్దరకును తెలిసెను.

నేను తెలుగు పండితుడను. భౌతికశాస్త్రము నా పాఠము కాదు. అందుచేత మా పాఠశాలలో ఆ శాస్త్రము బోధించిన మిత్రుని పిలిపించితిని. ఆయన వచ్చి, తెరను అటునిటు త్రిప్పి చూచి, "ఇది టి.ఎన్. తెర. మీ కోడలి పనికి తగినది కాదు" అని ఒక్క మాటలో తేల్చి, ఆ పిమ్మట రెండు గంటలసేపు వివరించెను. ఆయన చెప్పినది నాకు బోధపడినంత వరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

ఇట్టి తెర వెనుక ఎల్లప్పుడును ఒక తెల్లని దీపము వెలుగుచుండును. తెర మీద మనకు నలుపు కనబడునప్పుడు కూడ ఆ దీపము వెలుగుచునే యుండును. దాని వెలుగు మన వరకు రాకుండ అడ్డబడినదన్న మాట. ఆ అడ్డు ఎట్టిది? మీ యింటి కిటికీకి నిలువు చువ్వలున్నవనుకొనుడు. పలకను నిలువుగా పట్టినచో చువ్వల సందున బయటికి పోవును. అడ్డముగా పట్టినచో పోదు. ఆ కిటికీకి కొంత దూరమున అడ్డచువ్వల కిటికీ మరియొకటి యున్నదనుకొనుడు. మొదటి కిటికీ దాటిన నిలువు పలక రెండవ దానిని దాటలేదు. నడిమి దారిలో ఎవరైన దానిని పట్టి అడ్డముగా త్రిప్పినచో దాటగలదు. తెరలోని రెండు ప్రత్యేకపు రేకులు ఆ రెండు కిటికీలు. వెలుగే పలక. నడుమ నిలిచి దానిని త్రిప్పునవి ద్రవస్ఫటికములు.

ద్రవస్ఫటికమను పేరే వింతైనది. స్ఫటికము గట్టిది, ద్రవము పారునది; రెండును ఒకటి యగుట యెట్లు? 1888లో ప్రేగ్ నగరమున ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంపల నుండి తీసిన కొలెస్టరాలుతో ఒక పదార్థమును చేసి వేడిచేయుచుండెను. అది 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగి మసకగా నిలిచెను. 178.5 డిగ్రీల వద్ద మరల మారి నీటివలె తేటపడెను. రెండుమారులు కరగు పదార్థమును ఆయన అంతకుముందు చూడలేదు. జర్మనీ దేశపు భౌతికశాస్త్రవేత్త ఆటో లేమన్‌కు వ్రాసి చూపెను. ఆ మసకద్రవములో అణువులు స్ఫటికమునందువలె వరుస తీరియున్నవని తేలెను. ఎనుబది యేండ్లకు పైగా అది ప్రయోగశాలలో వింతగానే మిగిలెను. 1970లో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిక్ అను నిద్దరు ఆ అణువులను మెలివేసిన త్రాడువలె రెండు గాజుపలకల నడుమ నిలిపి, వెలుగును తొంబది డిగ్రీలు త్రిప్పు ఉపాయమును కనిపెట్టిరి. విద్యుత్తు ప్రసరింపజేసినచో మెలి విడిపోయి అణువులు లేచి నిలుచును; అప్పుడు వెలుగు త్రిప్పబడక ఆగిపోవును. విద్యుత్తును కొంచెము కొంచెముగా ఇచ్చినచో వెలుగు కొంచెము కొంచెముగా తగ్గును. టి.ఎన్. తెర యనగా ఇదియే.

తెర మీది ప్రతి చుక్కయు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు చిన్న కిటికీల కూర్పు. ఒక్కొక్క కిటికీ 256 మెట్లలో తెరచుకొనగలిగినచో, మూడింటి కలయికచే 1,67,77,216 వన్నెలు పుట్టును. చౌకరకపు టి.ఎన్. తెరలలో మెట్లు 64 మాత్రమే. ఆ లెక్కన నిజముగా వచ్చు వన్నెలు 2,62,144. తక్కినవానిని రెండు వన్నెలను త్వరత్వరగా మార్చిమార్చి చూపి కంటిని నమ్మించును. ఆటలో పరుగెత్తు కారునకు ఈ లోపము తెలియదు. పెండ్లికూతురి బుగ్గ మీద వెలుగు నీడగా మారు చోట తెలియును.

అయినను మా యింట జరిగిన దానికి ముఖ్యకారణము మెట్లు కావు. అణువులు పడుకొన్నవాడు లేచినట్లు ఏటవాలుగా లేచుటచే, ఎదుటి నుండి చూచువానికి ఒక వాలు, పై నుండి చూచువానికి మరియొక వాలు అడ్డుపడును. కన్ను కొంచెము పైకి గాని క్రిందికి గాని పోయిన మాత్రమున వన్నె మారును. ఒక్కచోటనే కదలక కూర్చుండినను, తెర పైభాగమును చూచు కోణము వేరు, క్రిందిభాగమును చూచు కోణము వేరు. ఒకే ముఖము పుట పైన నొక రంగు, అడుగున నొక రంగు! మా కోడలు కూర్చుండు కుర్చీ కొంచెము పల్లమైనది. ఆ కోణమున కనబడిన పాలిపోయిన ముఖములకే ఆమె పసుపు చేర్చెను. ఇట్టి తెరల చూపుకోణమును పెంచుటకు మీద నతికించు రేకులలో బిళ్ల ఆకారపు అణువులు గల ద్రవస్ఫటికములు ఉపయోగపడినవి. నాణెములను దొంతర పేర్చినట్లు నిలుచు ఆ ద్రవస్ఫటికములను 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమున శివరామకృష్ణ చంద్రశేఖర్ గారును, వారి సహచరులును కనుగొనిరని మిత్రుడు చెప్పగా నాకు సంతోషము కలిగెను. దోషము తగ్గెనే కాని మానలేదు.

ఈ మాటలన్నియు తలుపు ప్రక్క నిలబడి వినుచున్న రఘు, "ఆటకు మాత్రము ఇది చాల మంచిది గదా, తాతగారూ!" అనెను. మిత్రుడు వానిని దగ్గరకు పిలిచి, హెర్ట్‌జ్ అనగా నేమో చెప్పుమనెను. వాడు, "ఎక్కువ ఉండిన మంచిది" అని యెరిగెనే కాని అది యేమో యెరుగడు.

విద్యార్థులారా, మీలో చాలమంది నోటుపుస్తకము మూలలలో బొమ్మలు గీసి, పుటలను బొటనవ్రేలితో జరజర విడిచి, బొమ్మ నడచినట్లు చూచియే యుందురు. మెల్లగా విడిచినచో బొమ్మ కుంటును. వడిగా విడిచినచో నడచును. నా చిన్నతనమున టూరింగు టాకీసులలో చూచిన సినిమాలన్నియు సెకనుకు 24 బొమ్మలే. తెరకు సంబంధించి హెర్ట్‌జ్ అనగా, సెకనుకు ఎన్నిమారులు తెర క్రొత్త బొమ్మను వేయగలదో ఆ సంఖ్య. 60 హెర్ట్‌జ్ తెర ఒక్కొక్క బొమ్మను 16.7 మిల్లీసెకన్లు నిలుపును. 144 అయినచో 6.9, 165 అయినచో 6.1, 240 అయినచో 4.2. ఈ లెక్కలో ఒక చమత్కారము చూడుడు. 60 నుండి 144కు పోయిన దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గినవి. 144 నుండి 240కి పోయిన తగ్గినవి మూడైనను లేవు. వెల మాత్రము అట్లు తగ్గుచు పోదు.

వేగమువలన లాభము లేకపోలేదు. ఒక కారు తెర మీద సెకనుకు 960 చుక్కల దూరము పోవుచున్నదనుకొనుడు. కన్ను దానిని వెంబడించుచు సాగుచునే యుండును. బొమ్మ మాత్రము మరుసటి బొమ్మ వచ్చువరకు ఉన్నచోటనే నిలుచును. ఆ యెడము కంటికి అలుకుడుగా కనబడును. 60 హెర్ట్‌జ్ వద్ద ఆ అలుకుడు 16 చుక్కలు. 120 వద్ద 8. 240 వద్ద 4. రఘు వంటివాడు, కారు సంఖ్యాఫలకమును చదువవలెనన్నను, మలుపును ముందుగా పసికట్టవలెనన్నను ఈ తేడా నిజమైన తేడాయే. పిల్లవాని కోరికను వట్టి చాపల్యమని నేను త్రోసివేయలేను.

మిల్లీసెకను సంగతి వేరు. ఒక చుక్క ఒక వన్నె నుండి మరియొక వన్నెకు మారుటకు పట్టు కాలమది. బొమ్మ నిలుచు కాలముకంటె ఇది ఎక్కువైనచో, మొదటి బొమ్మ చెరుగక మునుపే రెండవది వచ్చి పడి, నీడ వెంటాడును. పెట్టె మీద అచ్చువేసిన 1 అన్ని మార్పులకును వర్తించునని నమ్మరాదు. అనేక మార్పులలో అతి వేగవంతమైన దానిని ఎన్నుకొని అచ్చువేయుట కలదు. పరీక్షలో ఒక్క పాఠములో తెచ్చుకొన్న నూటిని మాత్రమే తండ్రికి చూపు పిల్లవానిని నేనెరుగుదును.

మిత్రుడు ఇంతటితో ఆగక కంప్యూటరులో తెరకు సంబంధించిన అమరికల పుట తెరచి, "రఘూ, ఇక్కడ ఏమున్నదో చదువుము" అనెను. వాడు చదివెను: 60 హెర్ట్‌జ్. మరల కన్నులు నులుముకొని చదివెను. 60 హెర్ట్‌జే! తెర 165 చేయగలదే కాని, కంప్యూటరును ఆ సంఖ్యకు ఎవరును మార్చలేదు. మూడు మాసములుగా స్నేహితులందరితో నూట అరువది యైదని చెప్పుకొనుచు వాడు అరువది మీదనే ఆడుచుండెను. వాని ముఖము చిన్నబోయెను. ఒక్క చిన్న మీట నొక్కి 165 చేయగా, మౌసు బాణము తెర మీద నూనె మీద జారినట్లు జారెను. వాని ముఖము మరల వికసించెను. కాని వాడు ఆట తెరువగా మూలలో కనబడు లెక్క సెకనుకు 70 బొమ్మల దగ్గరనే తారాడుచుండెను. బొమ్మలను గీయునది కంప్యూటరులోని గ్రాఫిక్సు కార్డు. అది 70 గీయగా తెర 165 చూపుట యెట్లు? వంటవాడు డెబ్బది అట్లు పోయగా నూట అరువది యైదు విస్తళ్లు వేసినట్లుండెను. కార్డు గీసినప్పుడే తెర చూపునట్లు రెంటి తాళమును కలుపు ఏర్పాట్లు 2013 నుండి వచ్చినవి. ఎన్‌విడియా వారి జీ-సింక్, ఏ.ఎం.డి. వారి ఫ్రీసింక్ ఇట్టివే. అవి బొమ్మ నడుమకు చీలినట్లు కనబడకుండ కాపాడును గాని, లేని బొమ్మలను పుట్టింపజాలవు.

ఇట్లు ఆ తెర మా యింట ఇద్దరినీ మోసగించెను. మోసగించెననుట తప్పేమో! అది తనకు తెలిసినది చేసెను. నేను అడుగవలసినది అడుగలేదు.

మరుసటి ఆషాఢములో ముహూర్తములు లేవు. ఆ తీరికలో రెండవ మారు గుంటూరు పోయితిమి. ఈ మారు కోడలు కూడ వచ్చెను. ఆమె సంచిలో రెండు వస్తువులుండెను. పాత మానిటరు మీద దిద్ది, మంచి రంగులతో అచ్చుపడిన ఒక ఛాయాచిత్రము ఒకటి. అదే చిత్రమును పెట్టిన పెన్ డ్రైవు ఒకటి. అంగడి కుర్రవాడు చిలుకలను చూపబోగా ఆమె, "వద్దు నాయనా, దీనిని చూపుము" అని పెన్ డ్రైవును ఇచ్చెను. వానికి అంతగా రుచింపలేదు. అయినను చూపెను. నాలుగు తెరల మీద ఒకే ముఖము. చేతిలో కాగితము మీద అదే ముఖము. ఎంత తేడా! ఒక దానిలో జేగురు, ఒక దానిలో సున్నము. ఆమె నిలబడి చూచెను, కూర్చుండి చూచెను, ప్రక్కకు జరిగి చూచెను. బేరమునకు వచ్చిన వారందరును మమ్ము వింతగా చూచుచుండిరి.

వానిలో ఒకటి వి.ఏ. తెర. అందు అణువులు మొదటనే నిలువుగా నిలిచి వెలుగును గట్టిగా అడ్డును. కావున నలుపు నిజముగా నలుపువలె నుండును. తెలుపునకును నలుపునకును గల వెలుగు తారతమ్యము దీనిలో 3000కు 1 వరకును, అంతకు మించియు నుండును. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమున మార్కస్ బార్ట్లీ గారు చూపిన వెన్నెల రాత్రి పడవ విహారమును ఇట్టి తెర మీద చూడవలెను. రాత్రి రాత్రిగా నుండును. నా కొరకే యైనచో నేను దానినే కొనియుందును. కాని ఒక చీకటి వన్నె నుండి మరియొక చీకటి వన్నెకు మారుటలో అది మందకొడి. చీకటి దారిలో పోవు కారు వెనుక తోకచుక్క తోకవలె నల్లని జాడ సాగును. రఘు దానిని ఒక్క నిమిషము చూచి తల యడ్డముగా త్రిప్పెను. ప్రక్కల నుండి చూచిన వన్నె కొంచెము తేలిపోవుటచే కోడలును ఒప్పుకొనలేదు.

మరియొకటి ఓలెడ్ తెర. దానికి వెనుక దీపము లేదు. ప్రతి చుక్కయు తానే దీపము. నలుపు కావలసిన చోట దీపము ఆరిపోవును. మార్పు మిల్లీసెకనులో కొద్దిభాగములోనే ముగియును. రంగునకు రంగు, వేగమునకు వేగము. 1987లో అమెరికాలోని కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనువారు దీనికి దారి చూపిరి. దాని ముందు మేము ముగ్గురమును మాటలేక నిలిచితిమి. వెల చూచి మాట వచ్చెను. వెల యొక్కటియే కాదు. దినమునకు పది గంటలు ఒకేచోట కదలక నిలుచు పనిముట్ల వరుసవంటి బొమ్మ, ఏండ్లు గడచిన కొలది ఆ తెర మీద మచ్చగా నిలిచిపోవు భయము కలదు. మా కోడలి పని అట్టిదే.

మిగిలినవి ఐ.పి.ఎస్. తెరలు. జపానులోని హిటాచీ సంస్థవారు 1996లో వీనిని బజారుకు తెచ్చిరి. ఇందు అణువులు లేచి నిలువవు. గాజుపలకకు సమాంతరముగానే గడియారపు ముల్లువలె తిరుగును. అందుచే పై నుండి చూచినను, ప్రక్కల నుండి చూచినను వన్నె అంతగా మారదు. నలుపు మాత్రము వి.ఏ. తెరలంత చిక్కగా నుండదు. తారతమ్యము సుమారు 1000కి 1. మాయాబజారులోని రాత్రి దీనిమీద కొంచెము బూడిద చల్లినట్లుండును. అయిన నేమి? మనము కొనుచున్నది పెండ్లికూతురి ముఖమునకు గాని, రాత్రికి కాదు.

ఐ.పి.ఎస్. తెరలలో ఒకటి 165 హెర్ట్‌జ్, ఒకటి 75 హెర్ట్‌జ్. ఈ కాలమున రంగు, వేగము రెండును తగుమాత్రముగా నుండు ఐ.పి.ఎస్. తెరలు దొరకుచున్నవి, తొలినాళ్లలో వలె ఆటకు టి.ఎన్. తెరయే గతియని యనుకొనవలసిన పని లేదు. మా యెదుట నున్న 165 తెర రంగులను ఎక్కువ చేసి చూపుచుండెను. ఆటలో నది, అడవి, ఆకాశము కంటికి ఇంపుగా నుండును. కాని చేతిలోని కాగితముతో అది కలియలేదు. 75 తెర కలిసెను. రంగులకు ఎస్.ఆర్.జి.బి. అను నొక కొలత కలదు. హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలవారు 1996లో దానిని ఏర్పరచిరి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. ఆ కొలతలోని రంగులలో నూటికి 99 పాళ్లు ఆ 75 తెర చూపగలదని దాని కాగితములో వ్రాసియుండెను. కోడలి కోరికకు కూడ అంకె కలదని నాకు అప్పుడు తెలిసెను!

కొలత 27 అంగుళములు. చుక్కలు అడ్డముగా 2560, నిలువున 1440. అంగుళమునకు సుమారు 109 చుక్కలు. అదే 27 అంగుళములలో 1920, 1080 చుక్కలు మాత్రమే యున్నచో అంగుళమునకు 82 పడును. కంటిరెప్పల వెంట్రుకలు మెట్లు మెట్లుగా కనబడును. 3840, 2160 చుక్కల తెర కూడ నుండెను. దానిలో 82,94,400 చుక్కలు. మా పాత తెర చుక్కలకు సరిగా నాలుగు రెట్లు. చిత్రములకు అది మేలే. మా గ్రాఫిక్సు కార్డు అన్ని చుక్కలను గీయలేక ఆటలో చతికిలబడునని మిత్రుడు ముందే చెప్పియుండెను.

రఘు 75 అను నంకెను చూచి పెదవి విరిచెను. తల్లి వానిని ఏమియు అనలేదు. వాడే కొంతసేపటికి, "ఆ పసుపు ఆల్బము మరల రాకూడదు. ఇదే తీసికొందము" అనెను. ఆ మాటకు ప్రతిఫలమన్నట్లు ఇంటికి వచ్చిన పిమ్మట ఒక సంగతి బయటపడెను. కంప్యూటరు వెనుక తెరను తగిలించు తావులు రెండు కలవు. పాత తెరను పారవేయ నక్కరలేదు. రెండును ప్రక్కప్రక్కనే నిలిచినవి. పగలు క్రొత్తదాని మీద పెండ్లి చిత్రము, పాతదాని మీద పనిముట్ల వరుసలు. రాత్రి పాతదాని మీద 165 హెర్ట్‌జ్ కార్లు.

తెర కొనిన మాత్రమున పని తీరలేదు. ఫ్యాక్టరీ నుండి వచ్చునప్పుడు తెరలను అంగడిలో మెరయునట్లు మిక్కిలి కాంతితో నుంచి పంపుదురు. ఆ కాంతిలో దిద్దిన చిత్రము కాగితము మీద చీకటిగా పడును. ఏలయన తెర తానే వెలుగును, కాగితము ఇతరుల వెలుగును త్రిప్పి పంపును. మా కుమారుని స్నేహితుని యొద్ద తెర మీద వ్రేలాడదీసి రంగులను కొలుచు చిన్న యంత్రమొకటి యుండగా దానిని ఎరువు తెచ్చితిమి. కాంతిని చదరపు మీటరునకు 120 క్యాండెలాల వరకు తగ్గించితిమి. మొదటి దినము శ్రీలతకు తెర మసకగా తోచెను. రెండు మూడు దినములకు కన్ను అలవాటుపడెను. కిటికీ ఎండ తెర మీద పడకుండ బల్లను త్రిప్పితిమి. పల్లపు కుర్చీని మార్చితిమి.

శ్రావణమాసపు పెండ్లి ఆల్బము పుట మొదటిది పరీక్షకై అచ్చువేయించి తెచ్చినప్పుడు ఆమె దానిని తెర ప్రక్కన పట్టుకొని చాలసేపు చూచెను. ఏమియు పలుకలేదు. తరువాత నన్ను పిలిచి, "మామయ్యగారూ, ఒకమారు నిలబడి చూడుడు, ఒకమారు కూర్చుండి చూడుడు" అనెను. నేను రెండు విధములను చూచితిని. చీర వంకాయరంగే. ముఖము ముఖమే.

అంతలో వెనుక నుండి రఘు, "అమ్మా, ఏడు గంటలైనది. ఇక లేతువా?" అని అడిగెను.